ఒకే చెస్ ఇంజన్, నాలుగు మెషీన్లు, రకరకాల జబ్బులు: ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు మీ ప్రశ్నను నా మాటల్లో చెప్పేస్తాను. నేను తప్పుగా అర్థం చేసుకుని ఉంటే ఇక్కడే చెప్పండి. సీ ప్లస్ ప్లస్‌లో సొంతంగా ఒక యూసీఐ ఇంజన్ (యూసీఐ అంటే చెస్ ఇంజన్, బోర్డు చూపించే ప్రోగ్రాం మాట్లాడుకునే పద్ధతి) రాశారు, సోర్స్ మొత్తం ఓపెన్‌గా పెట్టారు. మీ ఉబుంటు లైనక్స్ ల్యాప్‌టాప్‌లో, ఇంజన్ల చేత గేములు ఆడించే క్యూట్ చెస్ ప్రోగ్రాంకి తగిలిస్తే గేముల మీద గేములు ఆడేస్తోంది. అదే కోడ్‌ని విండోస్‌లో కంపైల్ చేస్తే, కమాండ్ ప్రాంప్ట్‌లో చేత్తో టైప్ చేసినంతసేపూ జవాబిస్తోంది గానీ, క్యూట్ చెస్‌కి తగిలించగానే ఉలుకూ పలుకూ లేదు. రాస్బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద తెలుపుతో ఒక ఎత్తు వేసి, నలుపు వంతు రాగానే బెస్ట్‌మూవ్ 0000, అంటే వేయడానికి ఎత్తే లేదు, అంటోంది. ఆండ్రాయిడ్‌లో అసలు మొదలే కాకుండా పర్మిషన్ డినైడ్. ఇన్ని చోట్ల ఇన్ని రకాలుగా చెడిందంటే సెర్చ్‌లోనే (ఎత్తులు వెతికే కోడ్‌లోనే) మూలదోషం ఉండాలి, మొత్తం తిరగరాయనా అని అడిగారు.

వద్దు. సెర్చ్ ఫైల్ తెరవనే వద్దు. మీరు చెప్పిన మూడింట్లో ఒక్కటి కూడా చదరంగానికి సంబంధించింది కాదు. ఇంజన్ బయటి ప్రపంచాన్ని తాకే చోట్లు కొన్ని ఉంటాయి: పైపు (రెండు ప్రోగ్రాముల మధ్య లైన్లు మోసే గొట్టం), కంపైలర్, ఆపరేటింగ్ సిస్టమ్. చాలా ఏళ్ళుగా ఇలాంటివి బాగుచేస్తున్నాను. "నా మెషీన్‌లో నడుస్తోంది, వాళ్ళ మెషీన్‌లో లేదు" అని వచ్చినవి దాదాపు అన్నీ ఈ అంచుల దగ్గరే దొరికాయి. సెర్చ్‌లో పనికిరాని దారులను కోసేసే ఆల్ఫా బీటా తప్పయితే అన్ని మెషీన్లలోనూ ఒకేలా తప్పుతుంది కదా.

విండోస్ సంగతి ముందు. యూసీఐని రుడాల్ఫ్ హ్యూబర్, స్టెఫాన్ మెయర్ కాలెన్ 2000లో బయటపెట్టారు. అది పాతికేళ్ళుగా చెక్కుచెదరకుండా ఉండడానికి కారణం దాని సాదాతనమే. జీయూఐ, అంటే బోర్డు చూపించే ప్రోగ్రాం, ఒక గొట్టంలోంచి ఒక లైను పంపుతుంది, ఇంజన్ ఇంకో గొట్టంలోంచి ఒక లైను తిరిగి పంపుతుంది. సాకెట్లు లేవు, లైబ్రరీలు లేవు. కాకపోతే ఆ గొట్టంలో నీళ్ళు ఎప్పుడు కదులుతాయన్నది మన చేతుల్లో ఉండాలి. మీ మెయిన్ ఫంక్షన్‌లో మొదటి లైనే సెట్‌వీబఫ్, దాంట్లో లైన్ బఫరింగ్ (రాసింది కాసేపు దాచి, లైను పూర్తవగానే పంపడం) అడిగారు. లైనక్స్‌లో ఆ మాట చెల్లుతుంది, కొత్త లైను పడగానే బయటికి పోతుంది. విండోస్ సీ రన్‌టైమ్‌లో లైన్ బఫరింగ్ అనేదే లేదు. అది అడిగితే పూర్తి బఫరింగ్, అంటే బఫర్ నిండేదాకా దాచడం, ఇస్తుంది, పైగా ఎర్రర్ కూడా ఇవ్వదు. కమాండ్ ప్రాంప్ట్‌లో చేత్తో టైప్ చేసినప్పుడు జవాబులు కనబడడంతో మీకు అంతా బాగానే ఉందనిపించింది. పైపు తగలగానే మీ "యూసీఐఓకే" బఫర్‌లో కూర్చుంటుంది, అవతల క్యూట్ చెస్ దానికోసం ఎదురు చూస్తూ కూర్చుంటుంది. ఇద్దరూ మర్యాదస్తులే, ఒకరినొకరు ముందు మాట్లాడనిస్తున్నారు!

మందు ఒక లైను. బఫరింగ్ లేకుండా పెట్టండి, లేదా రాసే ప్రతి లైను తర్వాత ఎఫ్‌ఫ్లష్ చేయండి, అంటే దాచింది బయటికి తోసెయ్యండి. నాకు రెండోదే ఇష్టం, ఎందుకంటే "ఇన్ఫో డెప్త్" లైన్లు వందల కొద్దీ వెళ్ళేటప్పుడు ఎక్కడ ఫ్లష్ చేయాలో మీరే నిర్ణయించుకోవచ్చు. రాయడానికి సీఅవుట్, చదవడానికి సీఇన్ వాడేవాళ్ళకు ఈ జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది. సీఇన్ చదవబోయే ముందు సీఅవుట్‌ను తనే ఫ్లష్ చేస్తుంది కాబట్టి మొదట్లో గడిచిపోతుంది. సెర్చ్‌ని వేరే థ్రెడ్‌లోకి (పక్కనే సమాంతరంగా నడిచే పనిలోకి) మార్చిన రోజు మెయిన్ థ్రెడ్ చదువుతూ ఆగి ఉంటుంది, బెస్ట్‌మూవ్ మాత్రం బఫర్‌లో ఇరుక్కుంటుంది. ఇంజన్ టైమ్ అయిపోయి ఓడిపోతుంది. మనం టైమ్ మేనేజ్‌మెంట్ కోడ్‌ని తిట్టుకుంటూ కూర్చుంటాం.

ఇక్కడ ఒక అలవాటు చెప్తాను. కోడ్ తెరిచే ముందు సంభాషణ చూడండి. క్యూట్ చెస్ కమాండ్ లైన్ వెర్షన్‌కి డీబగ్ ఆప్షన్ ఉంది, రెండు వైపులా వెళ్ళే ప్రతి లైనూ చూపిస్తుంది. పేరున్న ఓపెన్ సోర్స్ ఇంజన్ స్టాక్‌ఫిష్‌లో అయితే "డీబగ్ లాగ్ ఫైల్" అనే ఆప్షనే ఉంది. దానికి ఒక ఫైలు పేరిస్తే వచ్చిన లైన్లకు కుడివైపు బాణాలు, వెళ్ళిన లైన్లకు ఎడమవైపు బాణాలు పెట్టి రాసేస్తుంది. మీ ఇంజన్‌లో కూడా అలాంటిదొకటి పెట్టుకోండి, ఇరవై లైన్లు పట్టదు. నా మొదటి ఇంజన్‌లో లాగ్ లేదు. విండోస్ జీయూఐ ఒకటి లైనక్స్ ఇంజన్‌తో మాట్లాడే ఏర్పాటులో "ఈజ్‌రెడీ" (సిద్ధమేనా అన్న ప్రశ్న) వస్తోంది, నా కోడ్ మాత్రం దాన్ని గుర్తుపట్టడం లేదు. ప్రింట్ చేసి చూస్తే అచ్చం ఈజ్‌రెడీయే. రెండు రోజులు పోయాయి. చివరికి ఒక్కో అక్షరాన్ని నంబరుగా ప్రింట్ చేస్తే ఆఖర్న 13 కనిపించింది, క్యారేజ్ రిటర్న్. విండోస్ లైను చివర రెండు అక్షరాలు పెడుతుంది, లైనక్స్‌లో లైను చదివితే వాటిలో ఒకటి అలాగే మిగిలిపోతుంది. చదివిన ప్రతి లైను చివర ఆ 13 ఉంటే తీసిపారేయండి, ఏ ప్లాట్‌ఫారం అయినా సరే.

చదవడం గురించే ఇంకో మాట. సెర్చ్ నడుస్తుండగా "స్టాప్" వచ్చిందా లేదా అని మీరు సెలెక్ట్ ఫంక్షన్‌తో తొంగి చూస్తున్నారు. విండోస్‌లో సెలెక్ట్ సాకెట్ల మీద తప్ప పైపుల మీద పనిచేయదు. పాత ఇంజన్లలో దీనికోసం పీక్ నేమ్డ్ పైప్ అని విండోస్‌కి విడిగా ఒక పేజీ కోడ్ ఉండేది, కన్సోల్ అయితే ఇంకో దారి. అదంతా ఇప్పుడు అనవసరం. చదవడానికి ఒక థ్రెడ్, సెర్చ్‌కి ఒక థ్రెడ్, మధ్యలో ఒక అటామిక్ ఫ్లాగ్. అన్ని చోట్లా ఒకే కోడ్ నడుస్తుంది.

అయితే థ్రెడ్ పెట్టగానే మ్యాక్‌లో కొత్త బగ్ వస్తుంది, ముందే చెప్పేస్తున్నాను. లైనక్స్‌లో మామూలుగా 8 ఎంబీ స్టాక్ (ఫంక్షన్లు తాత్కాలికంగా వాడుకునే మెమరీ) దొరుకుతుంది, విండోస్‌లో 1 ఎంబీ. మ్యాక్‌లో మెయిన్ కాని థ్రెడ్‌కి ఇచ్చేది 512 కేబీ మాత్రమే. రికర్షన్‌లో ప్రతి మెట్టులోనూ 256 ఎత్తుల అర్రే స్టాక్ మీదే పెట్టే ఇంజన్ లోతుకి వెళ్ళేసరికి కూలిపోతుంది. అదీ ఎండ్‌గేముల్లోనే, లోతు ఎక్కువ వెళ్ళేది అక్కడే కాబట్టి. స్టాక్‌ఫిష్ వాళ్ళు కూడా దీనికోసమే మ్యాక్‌లో పీథ్రెడ్‌తో 8 ఎంబీ స్టాక్ అడిగి తీసుకుంటారు. మీరూ అదే చేయండి.

ఇప్పుడు రాస్బెర్రీ పై. నాకు బాగా ఇష్టమైన బగ్ ఇది. మీ బోర్డు 64 గడుల చార్ (ఒక బైట్ అంకె) అర్రే. తెల్లపావులకు 1 నుంచి 6, నల్లపావులకు మైనస్ 1 నుంచి మైనస్ 6. నల్లపావా కాదా అని చూడడానికి "సున్నా కంటే తక్కువా" అని అడుగుతున్నారు. ఇంటెల్, ఏఎండీ మెషీన్లలో ఉత్త చార్ అంటే మైనస్‌లు పట్టే చార్. ఆర్మ్ ప్రాసెసర్ల మీద లైనక్స్‌లో (మీ పై అదే), ఆండ్రాయిడ్‌లో ఉత్త చార్‌కి మైనస్‌లు పట్టవు. మీరు నల్ల బంటుకి మైనస్ 1 అని రాస్తే అక్కడ 255 అయి కూర్చుంటుంది. 255 సున్నా కంటే తక్కువ ఎలా అవుతుంది? నలుపుకి బోర్డు మీద ఒక్క పావు కూడా లేదు, ఎత్తు లేదు, కాబట్టి 0000. సీ భాష ప్రమాణం ఈ విషయాన్ని కంపైలర్‌కే వదిలేసింది, కాబట్టి ఎవరినీ తప్పుపట్టలేం. తమాషా ఏంటంటే యాపిల్ ఎం సిరీస్ చిప్పులు కూడా ఆర్మే, కానీ అక్కడ చార్‌కి మైనస్‌లు పడతాయి. కొత్త మ్యాక్‌బుక్‌లో పరీక్షించి "ఆర్మ్‌లో బాగానే ఉంది" అనుకుంటే మోసపోతారు.

చార్ ఉన్న చోటల్లా ఇంట్8 అని స్పష్టంగా రాయండి. సరిచేసే ముందు ఒక పని చేయండి: మీ ల్యాప్‌టాప్‌లోనే "ఎఫ్ అన్‌సైన్డ్ చార్" ఫ్లాగ్‌తో కంపైల్ చేయండి. పై లేకుండానే అదే జబ్బు మీ కళ్ళ ముందు పుడుతుంది, డీబగ్గర్‌లో హాయిగా చూసుకోవచ్చు.

ఇదే కుటుంబంలో ఇంకోటి మీ కోడ్‌లో ఉంది, మీకింకా తగల్లేదంతే. బిట్‌బోర్డులకు (ఒక్కో గడికి ఒక్కో బిట్ పెట్టే అంకెలకు) "అన్‌సైన్డ్ లాంగ్" వాడారు. 64 బిట్ లైనక్స్‌లో లాంగ్ అంటే 64 బిట్లు, 64 బిట్ విండోస్‌లో లాంగ్ అంటే 32 బిట్లే. గళ్ళను ఏ1 నుంచి లెక్కపెడితే ఐదో వరస నుంచి పైన మీ బోర్డు మాయమైపోతుంది. యూఇంట్64 తప్ప ఇంకేదీ వాడొద్దు. ఒకటిని ఎడమకి జరిపే చోట ఆ ఒకటి కూడా 64 బిట్లదే అయ్యుండాలి, లేకపోతే అది మామూలు ఇంట్ అయిపోతుంది.

ఇవన్నీ కంటితో వెతకలేం కదా, ఎలా పట్టుకోవాలి? పెర్ఫ్ట్. ఒక స్థితి నుంచి ఇంత లోతు వరకు చట్టబద్ధమైన ఎత్తుల దారులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడమే. మొదటి స్థితి నుంచి 20, 400, 8902, 197281, 4865609. ఈ అంకెలు ప్రపంచంలో ఏ ఇంజన్‌కైనా, ఏ మెషీన్‌లోనైనా ఒకటే. మీ పై మీద నడిపితే ఒకటో లోతు 20 సరిగ్గా వస్తుంది, రెండో లోతులో 400 బదులు సున్నా వస్తుంది. నలుపు వంతులో చెడుతోందని ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

కానీ మొదటి స్థితి పెర్ఫ్ట్ పాసైతే సంబరపడకండి. అక్కడి నుంచి ఆరో లోతు దాకా, అంటే దాదాపు 12 కోట్ల దారుల్లో, కాజ్లింగ్ (రాజు, ఏనుగు కలిసి కదిలే ఎత్తు) ఒక్కసారి కూడా రాదు. ఎన్‌పాసాంట్ (రెండు గళ్ళు దూకిన బంటుని పక్క బంటు కొట్టడం) మొదటిసారి కనిపించేదే ఐదో లోతులో, 48 లక్షల పైచిలుకు దారుల్లో 258 సార్లు. అంటే కాజ్లింగ్ కోడ్ అసలు రాయకపోయినా ఆరో లోతు వరకు లెక్క సరిపోతుంది! అందుకే కివీపీట్ అనే స్థితి వాడతారు. రెండు వైపులా రెండు రకాల కాజ్లింగూ ఇంకా మిగిలి ఉండి, మధ్యలో పావులన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. దాని లెక్క 48, 2039, 97862, 4085603. ఎక్కడైనా తేడా వస్తే డివైడ్ చేయండి: మొదటి ఎత్తు వారీగా విడగొట్టి స్టాక్‌ఫిష్ పెర్ఫ్ట్ ఇచ్చే లెక్కతో పక్కపక్కన పెట్టండి. తేడా ఉన్న ఎత్తు వేసి, లోతు ఒకటి తగ్గించి, మళ్ళీ అదే. మూడు నాలుగు మెట్లలో తప్పు ఎత్తు పేరుతో సహా బయటపడుతుంది.

పెర్ఫ్ట్ మూవ్ జనరేటర్‌కి. సెర్చ్‌కి అలాంటిదే బెంచ్. స్టాక్‌ఫిష్‌లో బెంచ్ అని కొడితే నిర్ణీత స్థితులను నిర్ణీత లోతు వరకు వెతికి మొత్తం ఎన్ని నోడ్లు (స్థితులు) చూసిందో చెప్తుంది. ఆట తీరు మారే ప్రతి కమిట్ సందేశంలోనూ ఆ అంకె రాస్తారు. ఒకే థ్రెడ్‌తో నడిపితే ఏ ప్రాసెసర్ మీదైనా అదే అంకె రావాలి, రాకపోతే ఆ బిల్డ్‌లో తేడా ఉన్నట్టే. మీరూ ఒకటి పెట్టుకోండి. పెట్టుకున్న మొదటి రోజే లైనక్స్ అంకె, మ్యాక్ అంకె కలవవు, కంగారు పడకండి. ముందుగా అనుమానించాల్సింది సార్ట్‌ని. రెండు ఎత్తులకు ఒకే స్కోరు ఉన్నప్పుడు ఏది ముందు రావాలన్నది స్టాండర్డ్ సార్ట్ చెప్పదు, ఒక్కో లైబ్రరీ ఒక్కోలా పెడుతుంది. ఎత్తుల వరస మారితే ఆల్ఫా బీటా కోతలు మారతాయి, నోడ్లు మారతాయి. స్టేబుల్ సార్ట్ గానీ చేత్తో రాసుకున్న ఇన్సర్షన్ సార్ట్ గానీ పెడితే చాలు. తర్వాత జోబ్రిస్ట్ కీలు, అంటే స్థితులను గుర్తుపట్టడానికి వాడే యాదృచ్ఛిక అంకెలు: వాటిని పుట్టించే మెర్సెన్ ట్విస్టర్ అన్ని చోట్లా ఒకే అంకెలిస్తుంది, కానీ దాని మీద కూర్చునే యూనిఫాం డిస్ట్రిబ్యూషన్ ఇవ్వదు. ట్విస్టర్ ఇచ్చిన 64 బిట్లను నేరుగా వాడుకోండి.

ఆండ్రాయిడ్ కథ చిన్నది. ఇంజన్‌ని డౌన్‌లోడ్ చేసి యాప్ సొంత ఫోల్డర్‌లో పెట్టి, పర్మిషన్ మార్చి, నడపబోతున్నారు. పదేళ్ళ క్రితం ట్యుటోరియల్స్ అన్నీ అలాగే చెప్తాయి. ఆండ్రాయిడ్ 10ని, అంటే ఏపీఐ 29ని, టార్గెట్ చేసిన దగ్గర్నుంచి యాప్ తను రాయగలిగే ఫోల్డర్‌లోంచి ఏ ప్రోగ్రామునూ నడపలేదు. ఫైల్ పర్మిషన్ ఎంత మార్చినా లాభం లేదు. ఇంజన్ బైనరీకి "లిబ్" అని మొదలై "డాట్ ఎస్‌ఓ" అని ముగిసే పేరు పెట్టి, లైబ్రరీల ఫోల్డర్‌లో ఏపీకేతోపాటే (యాప్ ప్యాకేజీతోపాటే) పంపండి. మ్యానిఫెస్ట్‌లో నేటివ్ లైబ్రరీలను బయటికి తీయమని చెప్పండి, అది మరిచిపోతే ఫైలు ఏపీకే లోపలే ఉండిపోతుంది. తర్వాత నేటివ్ లైబ్రరీ డైరెక్టరీలోంచి నడపండి. చూడటానికి దొడ్డిదారిలా ఉంటుంది కానీ ఇదే దారి. రేపు ఐఫోన్‌కి వెళ్తే ఇది కూడా కుదరదు, అక్కడ యాప్ ఇంకో ప్రాసెస్‌ని పుట్టించలేదు. ఇంజన్‌ని లైబ్రరీగా కలుపుకుని ఒక థ్రెడ్‌లో నడపాలి. కాబట్టి గ్లోబల్ వేరియబుల్స్, ఎగ్జిట్ పిలుపులు ఇప్పుడే తగ్గించుకోండి. "క్విట్" రాగానే ఎగ్జిట్ అంటే అక్కడ యాప్ మొత్తం మూసుకుపోతుంది.

మీరు అడగలేదు గానీ, విండోస్ ఎగ్జీని స్కూలు పిల్లలకు పంచుతానన్నారు కదా, అక్కడ ఇంకో గొయ్యి ఉంది. మీ మేక్‌ఫైల్‌లో "మార్చ్ నేటివ్" ఉంది. అంటే మీ ప్రాసెసర్‌కి వచ్చిన విద్యలన్నీ వాడెయ్యమని. మీ ల్యాప్‌టాప్‌కి ఏవీఎక్స్2 (లెక్కలు వేగంగా చేసే ఆదేశాల సమితి) వచ్చు. మన స్కూలు ల్యాబుల్లో ఉండే పాత పెంటియం, సెలెరాన్ మెషీన్లలో చాలావాటికి రాదు. ఇంజన్ మొదలవగానే ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అని చచ్చిపోతుంది, విండోస్‌లో ఆ మాట కూడా కనిపించదు, చప్పుడు లేకుండా మూసుకుపోతుంది. ఒక జిల్లా టోర్నమెంటు రోజు ప్రొజెక్టర్ ముందు నాకిది జరిగింది, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. పంచే బిల్డ్ మామూలు ఎక్స్86-64కి చేయండి, వేగం కావాలనుకునేవాళ్ళకు ఏవీఎక్స్2 బిల్డ్ విడిగా ఇవ్వండి. మ్యాక్‌కి ఇచ్చేటట్టయితే బ్రౌజర్ నుంచి దిగిన ఫైలుకి క్వారంటైన్ ముద్ర పడుతుంది, జీయూఐ దాన్ని నడపలేక ఊరికే "ఇంజన్ దొరకలేదు" అనొచ్చు. ఆ ముద్ర ఎలా తీయాలో రీడ్‌మీలో ఒక లైను రాయండి.

పిల్లలంటే గుర్తొచ్చింది. విండోస్ యూజర్ పేరు తెలుగులో పెట్టుకున్న మెషీన్లలో ఫోల్డర్ దారిలో కూడా తెలుగు అక్షరాలు వస్తాయి. మీ ఓపెనింగ్ బుక్‌ని మామూలు ఎఫ్‌ఓపెన్‌తో తెరుస్తున్నారు, అది అక్కడ తెరుచుకోదు. విండోస్ 10 1903 వెర్షన్ నుంచి అప్లికేషన్ మ్యానిఫెస్ట్‌లో యూటీఎఫ్-8 అడిగే వీలుంది, అది పెట్టండి. బుక్ పాలీగ్లాట్ ఫార్మాట్ కాబట్టి ఇంకో రెండు మాటలు: అంకెలన్నీ బిగ్ ఎండియన్‌లో (పెద్ద బైటు ముందు) ఉంటాయి, తిప్పి చదవాలి. కాజ్లింగ్‌ని రాజు తన ఏనుగునే కొట్టినట్టు ఈ1హెచ్1 అని రాస్తారు, దాన్ని మీరు ఈ1జీ1గా మార్చుకోవాలి. లేదంటే మొదటి పది ఎత్తులు హాయిగా ఆడి, కాజ్లింగ్ దగ్గర అక్రమ ఎత్తు వేసి ఓడిపోతుంది.

తెరమీద పావులకు యూనికోడ్ గుర్తులు వాడుతున్నారు. మిగతావన్నీ బాగానే ఉండి నల్ల బంటు ఒక్కటే కొన్ని ఫోన్లలో బొద్దుగా ఎమోజీలా కనిపిస్తుంది. అది ఫాంట్ తప్పు కాదు, యూనికోడ్‌లో ఆ ఒక్క పావుకే ఎమోజీ రూపం కూడా ఉంది. దాని వెనకే 15వ వేరియేషన్ సెలెక్టర్ పెడితే మామూలు గుర్తుగా వస్తుంది. నేనైతే బొమ్మలే వాడతాను. మీరు తెలుగులో మంత్రి, ఏనుగు, గుర్రం అని చూపించడం నాకు నచ్చింది, తెరమీద అలాగే ఉంచండి. గేములు దాచే పీజీఎన్ ఫైల్లో మాత్రం ఇంగ్లీషు అక్షరాలే రాయాలి. ఇప్పుడు మీ యాప్ సేవ్ చేసే ఫైళ్ళలో గుర్రం "గు" అని పడుతోంది, వాటిని లీచెస్ సైటు గానీ సిడ్ డేటాబేస్ ప్రోగ్రాం గానీ చదవలేవు.

ఆఖర్న స్టాక్‌ఫిష్ నుంచి కొంత కోడ్ తీసుకోవచ్చా అని అడిగారు. తీసుకోవచ్చు, అది జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు మూడో వెర్షన్. అప్పుడు మీ ఇంజన్ కూడా అదే లైసెన్సు కింద ఉండాలి, ఎక్కడి నుంచి తెచ్చారో చెప్పాలి, ఎగ్జీ ఇచ్చినవాళ్ళకు ఆ ఎగ్జీకి సరిపడే సోర్సూ అందాలి. ఈ విషయం మీదే స్టాక్‌ఫిష్ బృందం 2021లో చెస్ సాఫ్ట్‌వేర్ అమ్మే చెస్‌బేస్ కంపెనీ మీద జర్మనీలో కోర్టుకెళ్ళింది, 2022 నవంబరులో రాజీ కుదిరింది. మీరు ఉచితంగా ఇస్తున్నా షరతులు అవే.

ముందు ఫ్లష్, చార్, లాంగ్ ఈ మూడూ సరిచేసి, కివీపీట్ పెర్ఫ్ట్ నాలుగో లోతు వరకు విండోస్‌లో, పై మీద నడపండి. ఇంకా క్యూట్ చెస్‌లో మూగబోతే తెర ఫొటో వద్దు, డీబగ్ లాగ్‌లో మొదటి యాభై లైన్లు టెక్స్ట్‌గా పెట్టండి. ఆదివారం పొద్దున కూర్చుని చూస్తాను.